చెయ్యి లాక్కోవద్దన్న నర్సక్క

పక్కింటి నర్సక్క పోయింది. ఆ ఉదయం ఆమె చిలుక ఆపకుండా అరుస్తుంటే, విసుక్కుంటూ వాళ్ళ గేటు తీశాను. ఆమె కుర్చీలోనే ఉంది. ఎంత పిలిచినా పలకలేదు. నిద్రలోనే పోయిందని డాక్టరు చెప్పారు.

మత్తిగిరిలో మా రెండిళ్ళ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆమె ఆస్పత్రి ఉద్యోగం నుంచి, నేను బడి ఉద్యోగం నుంచి రిటైరై ఒంటరిగా ఉంటున్నవాళ్ళం. ఎవరో పెంచలేక వదిలేసిన పసుపుపచ్చ ఫారిన్ చిలుకను ఆమె తెచ్చుకున్న రోజు, "ఈ వయసులో నీకెందుకక్కా ఈ రచ్చ?" అన్నాను.

"నువ్వు మాట్లాడేది తక్కువ కదమ్మా, అందుకే" అంది.

ఒకసారి వాళ్ళింట్లో పంజరం కమ్మీల మధ్య నుంచి జామ ముక్క పెట్టబోతే ఆ చిలుక నా వేలు పట్టింది. గుంజుకున్నాను. చర్మం చీలింది. కాఫీపొడి కోసం వంటింటివైపు పరుగెత్తాను.

"యాడికి? కాఫీపొడి ఫిల్టర్‌కు వేసేది, వేలికి కాదు."

నా మణికట్టు పట్టుకుని కుళాయి కింద పెట్టింది. సబ్బుతో చాలాసేపు కడిగి, శుభ్రమైన గుడ్డతో నెత్తురు ఆగేదాకా అదిమింది.

"టీటీ సూది ఎప్పుడేసుకున్నావు?"

నెల, సంవత్సరం చెప్పాను.

"గంట కూడా చెప్పేట్టుండావే! పాతదైపోయింది, పోయి ఇంకోటి ఏసుకుందాం. ఎర్రగా వాచినా, జరమొచ్చినా దాచిపెట్టుకోవద్దు. తెలిసిందా టీచరమ్మా?"

నేను బడిలో పిల్లలను అడిగినట్టే అడిగింది. తల ఊపాను.

పంజరం తీసే ముందు ఆమె చెవికమ్మలు తీసి పక్కన పెట్టేది. మెరిసేది కనిపిస్తే చిలుక పీకుతుంది. దాన్ని భుజం ఎక్కనిచ్చేది కాదు. ముద్దు చేస్తూ ముఖం దగ్గర పెట్టుకోబోయే వాళ్ళను, "కన్ను పోతే కుట్లేసేదానికి నా దగ్గర సూది లేదు" అని కసిరేది. మెడ ఈకలు లేచి, కంటిపాప చిన్నదీ పెద్దదీ అవుతుంటే దాన్ని కదిలించేదే కాదు. కరిచినా అరవద్దు, కొట్టొద్దు, చెయ్యి లాక్కోవద్దు అనేది. లాగితేనే చర్మం చీలుతుంది.

"కరిచే ముందు అది చెప్తాది. మనమే వినేది లేదు. కోపంగా ఉన్నోళ్ళ జోలికి పోతామా?"

"నా జోలికి రోజూ వస్తానే ఉండావు కదక్కా."

"నీ ముక్కు దీనంత వాడి కాదులే!"

కర్మలయ్యాక, బర్గూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడి కూతురు, "మా ఇంట్లో చిన్న పిల్లోళ్ళుండారమ్మా. దీన్ని షాపులో ఇచ్చేస్తా" అంది.

"మా ఇంట్లో పెట్టిపో" అన్నాను.

"కరుస్తాది. ఆదివారం వస్తా. మీ చేతికి రాకుంటే ఎత్తుకుపోతా."

ఆ వారంలో రెండుసార్లు కరిచింది. కడుక్కున్నాను, అదుముకున్నాను, అన్నీ సరిగ్గానే చేశాను. మణికట్టు పట్టుకునే చెయ్యి మాత్రం లేదు. చిలుక గింజలు సగం వదిలేసేది. నేనూ అన్నం అంతే. ఆ పంజరమూ పోతే, ఈ వీధిలో ఆమె లేని లోటు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగులుతాను.

ఆదివారం పొద్దున ఆ అమ్మాయి గుమ్మంలోకి వచ్చేసరికి నా చెయ్యి పంజరంలో ఉంది. చిలుక నా వేలు ముక్కుతో పట్టి అదిమింది. నొప్పి పుట్టింది. కదలలేదు.

"ఏమైందమ్మా?" అంది ఆ అమ్మాయి.

చిలుక వేలు వదిలి, ఒక కాలు నా వేలి మీద పెట్టింది. రెండో కాలు కమ్మీ మీదే ఉంచింది. దాని గోళ్ళు చల్లగా ఉన్నాయి. అది అలాగే నిలుచుంది. నేనూ నిలుచున్నాను.