పామర్రు యాసలో ఇంగ్లీషు

మొన్న సాయంత్రం గుణదలలో మా పై వాటా వాళ్ళ పిల్ల మెట్ల మీద కూర్చుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషు పలకడం నేర్చుకుంటోంది. ఫోను ఒక మాట చెబుతుంది, పిల్ల దాన్ని తిరిగి చెబుతుంది. సరిగ్గా పలికితే పచ్చరంగు, లేకపోతే ఎర్రరంగు. ‘మిల్క్’ దగ్గర ఎర్రరంగు ఎంతకీ పోవడం లేదు. పిల్ల పట్టుదలగా ‘మిల్కు’ అంటోంది, ఫోను ఒప్పుకోవడం లేదు. మొక్కలకి నీళ్ళు పోస్తున్న నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే కంబోడియాలో ఒక రేకుల షెడ్డూ, అందులో నా చుట్టూ చేరి గొంతెత్తి అచ్చం అలాగే ‘మిల్కూ’ అని అరుస్తున్న పిల్లలూ కళ్ళముందు నిలిచారు. వాళ్ళు ఇప్పుడు నడివయసుకి వస్తూ ఉండాలి.

నేను పుట్టి పెరిగింది పామర్రులో. నాన్న బస్సు కండక్టరు. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మాకు తెలుగు చెప్పిన మాష్టారు, మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు ఉంటుంది, అందుకే ఇంత తియ్యగా ఉంటుంది అని మురిసిపోతూ చెప్పేవారు. ఆ తియ్యదనమే బెజవాడ కాలేజీలో నా కొంప ముంచింది. చేరిన కొత్తలో ఒకరోజు లేచి పాఠం చదవమంటే చదివాను. రెండు వాక్యాలు పూర్తికాకుండానే వెనక బెంచీల్లోంచి ‘బుక్కు, టేబులు, పెన్ను’ అంటూ నా గొంతుని అనుకరించడం మొదలైంది. మీలో తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళకి ఆ రోజు నేనెలా కూర్చున్నానో వేరే చెప్పనక్కర్లేదు. ఇంగ్లీషులో మార్కులు బాగానే వచ్చేవి, రాయడానికి భయం లేదు. కానీ నలుగురిలో ఆ భాషలో నోరు విప్పడం మాత్రం మానేశాను. బి.ఎడ్. అయ్యి గుణదల వైపు ఒక చిన్న బడిలో చేరాక కూడా, ఇంగ్లీషు చెప్పమని హెడ్మాస్టరుగారు అడిగితే ఏదో సాకు చెప్పి సోషలు పుచ్చుకున్నాను.

నాన్నకి ఒక్కతే చెల్లెలు. చిన్నప్పుడే మఠంలో చేరి సిస్టరయ్యింది కాబట్టి మేం పిల్లలమంతా ఆమెని సిస్టరత్త అనేవాళ్ళం. ఆమెని కంబోడియాలో ఒక పల్లెకి పంపారు. అక్కడి పిల్లలకి పట్నంలో ఉన్న మంచి హైస్కూల్లో సీటు రావాలంటే ఇంగ్లీషులో చదివి, అడిగినదానికి నోటితో జవాబు చెప్పాలట. ఏటా ఆ పల్లె పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. హాస్టలుతో సహా సీటొస్తే చదువు సాగుతుంది, రాకపోతే ఇటుక బట్టీలోకో బట్టలు కుట్టే ఫ్యాక్టరీకో పోతారు. ఎండాకాలం సెలవులకి వచ్చి సాయం చెయ్యమని అత్త నాకు కబురు పెట్టింది. పెళ్ళికాని పిల్లని అంతదూరం ఎలా పంపుతామని అమ్మ గోల పెట్టింది. నాన్న మాత్రం, “మా చెల్లి దగ్గరికేగా! మన ఇంట్లోంచి ఒకళ్ళు దేశం దాటి పాఠం చెప్పొస్తానంటే వద్దంటామా?” అని తేల్చేశాడు. ఆ మాటతో ఇంగ్లీషంటే నాకున్న భయం నాలోనే ఉండిపోయింది. మద్రాసు దాకా రైలూ, అక్కడినుంచి విమానమూ. నాన్న మద్రాసు దాకా వచ్చి, లోపలికి వెళ్ళే తలుపు దగ్గర నిలబడి, బస్సు కదిలేముందు అరిచినట్టే “రైట్, రైట్” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు గానీ నాకు మాత్రం ఏడుపొచ్చింది.

దిగి చూస్తే పరదేశంలా లేదు. పామర్రు నుంచి కూచిపూడి పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా ఎలా ఉంటుందో అలాగే వరి మళ్ళు, గట్ల మీద తాడిచెట్లు. పిల్లలు ముంజలు తెచ్చి చేతిలో పెట్టేవారు. ఎండుచేపల వాసనా మనదే. టీచరమ్మని వాళ్ళు ‘నేక్ క్రూ’ అంటారు. ఆ క్రూ అన్నది మన గురువేనని అత్త చెప్పినప్పుడు నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది. ఆ గర్వం మర్నాడు క్లాసులోకి వెళ్ళేదాకానే. నాకంటే ముందే ఐర్లండు నుంచి వచ్చిన ఒక అమ్మాయి అక్కడ పెద్దపిల్లలకి చెబుతోంది. ఎర్రటి జుట్టు, నెమ్మదైన మనిషి. ఆమె ఇంగ్లీషు వింటుంటే సెలయేరు పారినట్టు ఉండేది. నేను ఆమెలా పలకాలని ప్రయత్నించి, మాటల చివర్లు నమిలేసి, గొంతు తగ్గించి, నాకే అర్థంకాని ఇంగ్లీషు ఒకటి మాట్లాడాను. పిల్లలు మర్యాదగా చూస్తూ కూర్చున్నారు.

వాళ్ళ చిక్కు ఏమిటంటే, వాళ్ళ భాషలో మాట చివరి హల్లు పెదవి దాటి బయటికి రాదు. మనం ఎక్కడ ఒక అచ్చు చేరుస్తామో, వాళ్ళక్కడ ఉన్న హల్లుని కూడా మింగేస్తారు. రైస్, రైట్, రైడ్ మూడూ ‘రై’. లైక్, లైట్, లైఫ్ మూడూ ‘లై’. కాన్వెంటులో వంట చేసే ఆవిడకి ఒక్కతే కూతురు, పన్నెండేళ్ళది, ఆ గుంపులోకెల్లా చురుకైంది. రాసిందంటే తప్పు దొరకదు. కానీ అత్త ఒకరోజు పరీక్షలాగా పెట్టి చదవమంటే, ఆ పిల్ల చదివిన పేజీలో ఏ మాట ఏదో మా ముగ్గురికీ అర్థం కాలేదు. పుస్తకం మూసి తలదించుకుంది. ఆ తలదించుకోవడం నాకు బాగా తెలుసు. వాళ్ళమ్మ వంటగది గుమ్మంలోంచి అంతా చూస్తూనే ఉంది. ఆ రోజు ఐర్లండు అమ్మాయి కూడా సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత కొద్దిరోజులకి మధ్యాహ్నం భోజనాల వేళ హఠాత్తుగా వాన పట్టుకుంది. బయట అరుగు మీద అన్నం గిన్నె ఉండిపోయింది. నేను చేతిలో పళ్ళేలతో నిలబడి, ఏ యాసలో మాట్లాడుతున్నానో మరిచిపోయి, మా అమ్మ పెరట్లోంచి కేకేసినట్టు, “రైసు! రైసు!” అని అరిచాను. వంటావిడ కూతురు వానలోకి పరిగెత్తి, గిన్నె ఎత్తుకుని, నవ్వుతూ తనూ “రైసూ! రైసూ!” అని అరుస్తూ లోపలికొచ్చింది. నేను పళ్ళేలు కింద పెట్టేశాను. ఆ పిల్ల నోట్లోంచి మాట చివరి ‘స’ అనే అక్షరం మొదటిసారి నిండుగా వినపడింది. మళ్ళీ అనమన్నాను. అంది. రైటు? అంది. రైడు? అదీ అంది. మూడూ మూడు మాటలు!

ఆ సాయంత్రం నుంచి పామర్రు ఇంగ్లీషే చెప్పాను. లైటు, లైకు, లైఫు, బుక్కు, మిల్కు. పిల్లలకి అది పాటలా ఉంది, షెడ్డు రేకులు అదిరేలా అనేవారు. ఒకరోజు తిరిగి చూస్తే గుమ్మంలో ఐర్లండు అమ్మాయి నిలబడి వింటోంది. కాలేజీలో వెనక బెంచీలు గుర్తొచ్చి నా చెవులు వేడెక్కాయి. ఆమె లోపలికొచ్చి, ఇన్నాళ్ళూ తను ఎంత చెప్పినా రాని చివరి అక్షరం వాళ్ళకి ఎలా తెప్పించావని అడిగింది. మా తెలుగు మాష్టారు చెప్పిందే ఆమెకి చెప్పాను, మాది అజంత భాష అని. నలుగురున్న చోట అంత పొడుగు ఇంగ్లీషు వాక్యాలు ఆగకుండా చెప్పడం నా జీవితంలో అదే మొదలు. ఆమె అంతా విని, చివర చేరిన ఆ ‘ఉ’ తోక తగ్గించే పని తనకి వదిలెయ్యమంది. పొద్దున నేను తోక తగిలించేదాన్ని, మధ్యాహ్నం ఆమె పెదవుల మీద వేలు పెట్టి, ఆ ‘ఉ’ని గుసగుసగా మార్చి, ఆఖరికి ఊపిరిలో కలిపేసేది. ఆమె అలా అన్న రోజే అత్త నన్ను వసారాలోకి పిలిచి, “ఏమే, ఇన్నాళ్ళూ ఎవర్తిలాగో మాట్లాడబోయావు, మనకేం తక్కువని? మీ నాన్న గొంతే నీది. అదే ఉండనీ,” అంది. ఆమె పొగడటం అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పరీక్షకి అందర్నీ పట్నం తీసుకెళ్ళాం. ఆ బడి హెడ్మిస్ట్రెస్ పెద్దావిడ, ముఖంలో నవ్వన్నది కనపడలేదు. వంటావిడ కూతురు వంతొచ్చింది. మొదట్లో బాగానే చదివింది. ఉత్సాహం పెరిగేసరికి ‘స్కూలు’ దగ్గర తోక బయటపడింది, ఆ తర్వాత వాక్యంలో ‘రైసు’, ఆ పైన ‘నైటు’. నా మూలంగా ఈ పిల్ల సీటు పోతుందేమోననుకున్నాను. పెద్దావిడ కళ్ళజోడు తీసి, ఎవరు నేర్పారని అడిగింది. పిల్ల లేచి నా వైపు చెయ్యి చూపించి “మై టీచర్” అంది, చివర తోక లేకుండా, స్పష్టంగా. నేనూ లేచి నిలబడ్డాను. ఈ యాస ఎక్కడిదో తెలియదు కానీ, ఆ పల్లె పిల్లలు చదివితే ప్రతి మాటా అర్థమవడం ఇదే మొదటిసారి అందావిడ. అందరికీ రాలేదు, ఇద్దరు ఆ యేడు ఆగిపోయారు, వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తే. వంటావిడ కూతురికి మాత్రం వచ్చింది. ఆ కబురు చెబితే వాళ్ళమ్మ తడి చేతులు కట్టుకున్న లుంగీకి తుడుచుకుని, నా రెండు చేతులూ పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది.

తిరిగొచ్చాక బడి తెరిచిన రోజే హెడ్మాస్టరుగారి దగ్గరికెళ్ళి, నాకు ఇంగ్లీషు ఇవ్వండి సార్ అని అడిగాను. రిటైరయ్యేదాకా అదే చెప్పాను. నా దగ్గర చదివిన పిల్లల్లో నోరు విప్పడానికి సిగ్గుపడి వెనక కూర్చున్నవాళ్ళు లేరని గట్టిగా చెప్పగలను. నా ఉద్యోగంలో నేను దాచుకున్న ఆస్తి అదే. కొన్నేళ్ళ తర్వాత అత్త సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు, వంటావిడ కూతురు టీచరై అదే పల్లెలో చిన్నపిల్లలకి చెబుతోందని, చెప్పే పద్ధతి కూడా నాదేనని చెప్పింది. నాన్న వారం రోజులపాటు కనపడినవాళ్ళందరికీ ఆ మాట చెప్పాడు.

ఇప్పుడు నాన్నా లేడు, అత్తా లేదు. మా రోజుల్లో ఇంగ్లీషు ఒక్క వాక్యం వింటే చాలు, ఈ మనిషి దివిసీమ వాడా, గుంటూరు వాడా, నెల్లూరు వాడా అని పోల్చుకునేదాన్ని. ఆ ఇంగ్లీషు వెనక వాళ్ళ ఇల్లూ, ఆ ఇంట్లో మాట్లాడుకునే తెలుగూ వినపడేవి. ఇప్పటి పిల్లలు చక్కగా, తడబాటు లేకుండా మాట్లాడుతున్నారు. టీచరుగా నాకు అంతకంటే ఏం కావాలి? అయినా బస్సులో నా పక్కన కూర్చుని గలగలా మాట్లాడే పిల్లని, ఏ ఊరమ్మా మీది అని అడగకుండా తెలుసుకోలేకపోతున్నాను. అడిగితే, చాలాసార్లు, పామర్రే అంటోంది.