పాలమూరును ముంచిన జల్లెడ

కరువుకు పేరుపడ్డ పాలమూరును నీళ్లలో ముంచిన ఘనత నాది. వాన పడలేదు, కట్ట తెగలేదు, కృష్ణమ్మ దారి తప్పి ఇటు రాలేదు. ఎండాకాలం ఒక ఆదివారం పూట కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని ముంచాను. మునిగినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది.

తొంభైల చివరి మాట ఇది. మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దగ్గర, సైకిల్ దుకాణం పైన, గౌస్ భాయికి ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. హైదరాబాద్‌లో డిప్లొమా చేసి వచ్చిన నన్ను పాఠాలు చెప్పడానికి పెట్టుకున్నాడు. చెప్పులు బయట విడిచి, చేతులు తుడుచుకుని, గుళ్లోకి వచ్చినట్టు లోపలికి రావాలి. పగలంతా పాఠాలు. సాయంత్రం మాత్రం రెండు కంప్యూటర్లకు తీగ కలిపి, రాజ్యాలు కట్టే ఆట ఆడేవాళ్లం. ఒక పటం తెరవాలి, గొర్రెలు మేపాలి, చెట్లు కొట్టి ఇళ్లు కట్టాలి, సైన్యం పెంచి ఎదుటివాడి ఊరి మీద పడాలి. పాఠాల కంటే ఆటకే జనం ఎక్కువ వచ్చేవాళ్లు.

ఆ ఆటలో మొనగాడు మల్లేశం. మక్తల్ దగ్గరి కురుమల అబ్బాయి, టౌనులో గది కిరాయికి తీసుకుని డిగ్రీ చదువుతున్నాడు. ఇంటి దగ్గర మంద కాచిన అనుభవమంతా ఆటలో పెట్టేవాడు. ఎండు మైదానం ఉన్న పటం దొరికిందా, ఇక అతని గుర్రాలను ఆపినవాడు లేడు.

ఇబ్బందల్లా ఆ పటం దొరకడమే. హైదరాబాద్ నుంచి ఎవరెవరో ఫ్లాపీల్లో తెచ్చిన పటాలు కుప్పలు పడి ఉండేవి. ఏది అడవో, ఏది మైదానమో తెరిచి చూస్తే తప్ప తెలిసేది కాదు.

"ఆడేది గంటసేపు, పటం దేవులాడుడు గంటసేపు. నువ్వు డిప్లొమా చేసినవ్ గద నర్సింలూ, జర ఆసాన్ చెయ్యి" అన్నాడు గౌస్ భాయి.

డిప్లొమా మాట ఎత్తితే ఆగే రకం కాదు నేను. కావలసిన పటాన్ని వెతికి పెట్టే ప్రోగ్రాం ఒకటి రాశాను. దానికి 'జల్లెడ' అని పేరు పెట్టాను. తెర మీద వరసగా ప్రశ్నలు వస్తాయి. నీళ్లు ఎక్కువా తక్కువా, చెట్లు ఎక్కువా తక్కువా, బంగారం ఎంత, గొర్రెలు ఎన్ని, తోడేళ్లు ఉండాలా వద్దా. గడుల్లో టిక్కులు పెడితే అలాంటి పటాలే చూపిస్తుంది. పెళ్లిచూపుల్లో అయినా అన్ని ప్రశ్నలు అడగరు. మొదట మల్లేశాన్ని కూర్చోబెట్టాను.

"అట్లాంటి పటం లేదంటాంది అన్నా" అన్నాడు.

"ఏమేం అడిగినవ్?"

"నీళ్లు మస్తు, చెట్లు మస్తు, బంగారం మస్తు, గొర్లు మస్తు. తోడేళ్లు వద్దన్న."

"అన్నీ మస్తు గావాల్నంటే ఎట్ల దొరుకుతది?"

"దొరకకపోతే గా గడులెందుకు పెట్టినవే? లేని ఊరు చూపెట్టనీకె మనకు లీడర్లున్నరు గద."

అతని వెనక కూర్చున్నవాళ్లందరికీ అదే జవాబు వచ్చింది. బుద్ధిమంతుడెవడైనా ఏం చేస్తాడు? అడిగినదానికి దగ్గరగా ఉన్న పటాలైనా చూపించమని జల్లెడకు చెబుతాడు. నేను బుద్ధిమంతుడినైతే మీరిప్పుడు ఇంకేదో చదువుకుంటూ ఉండేవారు. వీళ్లకు అడగడం రాదు, వీళ్ల తరఫున నేనే అడగాలి అని తేల్చుకున్నాను.

ఏం అడగాలో కనిపెట్టడం కష్టం కాలేదు. ఎవరు కూర్చున్నా మొదటి టిక్కు 'నీళ్లు ఎక్కువ' మీదే పడేది. నల్లా ఏ రోజు వస్తుందో తెలియక బిందెలు వరసలో పెట్టి కాపలా కాసే ఊరు మాది. 'నీళ్లు తక్కువ' గడి మీద పాలమూరోడు చెయ్యి వేస్తాడా? ఆ లెక్కన ప్రశ్నలన్నీ పీకేసి, ఒక్కటే బటన్ ఉంచాను. 'మంచి పటం' అని దాని మీద రాశాను. లోపల సూత్రం చాలా సులువు. ఎంత నీరుంటే అంత మంచి పటం. ఎండు పటాలు అసలు కనిపించవు. నా జల్లెడను కాదని ఎవరైనా సొంతంగా వెతుక్కుంటారేమోనని పటాల పేర్లు కూడా తీసేసి నంబర్లు వేశాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఊడిన నాలుకను దాచిపెట్టి తాళం కూడా వేశాను.

ఒకసారి నొక్కి చూసుకోలేదా అని మీరడగవచ్చు. చేసినదాన్ని పరీక్షించడమంటే మన మీద మనకు నమ్మకం లేదని చాటుకోవడమేనని అప్పటి నా సిద్ధాంతం. మల్లేశమైనా నొక్కేవాడే, కానీ అతను ఆ వారమంతా సగంలో దాచుకున్న పాత ఆటనే ఆడుతూ గుర్రాలకు పదును పెడుతున్నాడు.

ఎందుకంటే పోటీ దగ్గర పడింది. నల్లగొండలో గౌస్ భాయి బామ్మర్దికీ ఇలాంటి సెంటరే ఉంది. ఎవరి పిల్లలు మొనగాళ్లో తేల్చుకుందామని ఇద్దరూ ఫోనులో పంతం పట్టారు. ఇటు మా దగ్గర, చదువుకు పంపితే ఆటలాడిస్తున్నారని తల్లిదండ్రులు అప్పటికే గొణుగుతున్నారు.

"సాఫ్ చెప్తున్న నర్సింలూ. గెలిస్తే సాయంత్రాలు మీయి. ఓడితే ఆట తీసేస్త, అటక మీది టైపు మిషన్లు దించుత. నువ్వు గూడ వాటి ముంగటనే కూసుంటవ్" అన్నాడు గౌస్ భాయి.

"ఫికర్ చెయ్యకు భాయ్. జల్లెడ ఉంది గద" అన్నాను.

ఆదివారం నల్లగొండ నుంచి వాళ్ల ఆటగాడు సైదులు వచ్చాడు. కృష్ణ ఒడ్డున చేపలు పట్టే కుటుంబం. ఎక్కువ మాట్లాడడు. మూడు ఆటల్లో రెండు గెలిచినవాళ్లది పైచేయి, పటం ఎంచే హక్కు మాది.

"ఎండు మైదానం పెట్టున్రి అన్నా. ఇద్దరికి తెలిసిందే" అన్నాడు సైదులు.

ఆ మాట పట్టుకుని ఉంటే ఈ రోజుకూ పాలమూరులో నా పేరు నిలిచేది. "మా కాడ దేవులాడుడు లేదు తమ్మీ. జల్లెడ ఏది చెప్తే గదే" అని గొప్పగా బటన్ నొక్కాను.

ఆ ఆటలో మొదట మన చుట్టుపక్కల కొంచెమే కనబడుతుంది, మిగతాదంతా చీకటి. పచ్చటి గడ్డి, గొర్రెలు, నాలుగు చెట్లు కనిపించాయి. "మేత మంచిగుంది" అని మల్లేశం సంబరపడి, చెట్లన్నీ కొట్టి దొడ్డి కట్టాడు, గుర్రపుసాల కట్టాడు. గుర్రాలు ఎక్కి సైన్యం బయలుదేరింది.

"అన్నా, నీళ్లొచ్చినయ్."

"మంచిదే గద."

"ఇటు గూడ నీళ్లే."

"ఇంకా మంచిది."

"నాలుగు దిక్కుల నీళ్లే అన్నా. గుర్రాలు ఒడ్డు మీద నిలబడి నా మొకం చూస్తున్నయి."

గౌస్ భాయి వెనక నుంచి వంగి చూశాడు. "పడవ చెయ్యిన్రి మరి."

"పడవకు చెట్టు గావాలె భాయ్. అన్నీ దొడ్డికే అయిపోయినయి."

ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారు. ఏరు కనబడకముందే తెప్పకు పనికొచ్చే చెట్లు నరుక్కున్నవాళ్లం మేమే. సరిగ్గా అప్పుడే కింద నుంచి "నల్లా వచ్చింది" అని కేక వినబడింది. చూసేవాళ్లలో సగంమంది లేచి పరుగెత్తారు. గౌస్ భాయి తెర మీది సముద్రాన్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, బిందె పట్టుకుని దిగిపోయాడు. అతను తిరిగి వచ్చేసరికి సైదులు పడవలు దీవిని చుట్టేశాయి. గొర్రెలు కూడా మిగల్లేదు.

"ఇప్పుడన్న ఎండు పటం తియ్యి" అన్నాడు గౌస్ భాయి, తడిసిన లుంగీ పిండుకుంటూ.

నొక్కాను. సముద్రం. మళ్లీ నొక్కాను. ఇంకా పెద్ద సముద్రం.

"ఎండుది తియ్యమంటే సమజ్ అయితలేదా?"

"దానికి బటన్ లేదు భాయ్."

"ఎందుకు లేదు?"

"ఎవలడుగుతరని పెట్టలే."

"నేనడుగుతున్న గద, మియా."

సైదులుకే జాలి వేసింది. "జల్లెడ పక్కకు పెట్టి, పేరు చూసి తియ్యరాదే అన్నా" అన్నాడు.

"పేర్లు లేవు తమ్మీ. నంబర్లేసిన."

"ఎందుకన్నా?"

"జల్లెడను కాదని ఎవలూ దేవులాడొద్దని తమ్మీ" అంటూ మళ్లీ బటన్ నొక్కాను, మళ్లీ సముద్రమే వచ్చింది.

రెండో ఆటలో మల్లేశం చెట్లు దాచుకున్నాడు, పడవా కట్టాడు. తీరా చూస్తే అందులో సైన్యానికి బదులు గొర్రెలను ఎక్కించాడు. "వాటిని ఇడిసిపెట్టి నేనేడికి పోతనే" అన్నాడు. సైదులు ఆ పడవను ముంచేటప్పుడు కొంచెం మొహమాటపడ్డట్టే కనిపించాడు. మూడో ఆట అవసరం రాలేదు.

మర్నాడు టైపు మిషన్లు అటక దిగాయి. నవ్వుతూ చెబుతున్నాను గానీ, కంప్యూటర్ల మధ్య తీగ ఊడదీస్తుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ సాయంత్రాలు పోగొట్టింది ఎవరో కాదు, నేనే. మెట్ల మీద చెప్పులు వేసుకుంటున్న మల్లేశంతో ఏదో ఒకటి అనాలని, "నా తప్పే తమ్మీ" అన్నాను.

"గట్ల గాదన్నా. నీళ్లు లేక ఓడినోళ్లు మా దిక్కు ఇంటికొకలున్నరు. నీళ్లు ఎక్కువై ఓడిన పాలమూరోణ్ణి నేనొక్కణ్ణే. మా బాపుకు చెప్తె నమ్మడు" అన్నాడు.

కాబట్టి మునిగిపోయిన ఆ గొర్రెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అడగకుండా ఎవరికీ ఏదీ ఎంచిపెట్టను. ఆటలో గానీ బయట గానీ 'నీళ్లు ఎక్కువ' అన్న గడిలో ఈ జన్మలో టిక్కు పెట్టను. మా చేనుకు బోరు బండి వచ్చిన రోజు మాత్రం ఈ ఒట్టుకు సెలవు.