తాయి అంటే ఎవరు

నిలువ నీడ లేనివారికి నీడ చూపే దేవునికి స్తోత్రం. నాకు మా అమ్మను ఇచ్చినందుకు వేరుగా స్తోత్రం.

డెబ్బైల మొదట్లో మరాఠ్వాడాలో కరువు పడితే, ఊళ్లు విడిచిన కుటుంబాలు బొంబాయి రోడ్డు పట్టుకుని జహీరాబాద్ చేరాయి. మా చర్చి సంఘంలోని స్త్రీలు తలా ఒక ఇంటి బాధ్యత తీసుకున్నారు. అంగట్లో బేరమాడడం, దవాఖానలో నొప్పి చెప్పుకోవడం, బస్సు బోర్డు చదవడం నేర్పాలి. మా అమ్మ వంతుకు భర్త పోయిన ఒక పడుచు మనిషి వచ్చింది.

వచ్చిన రోజే ఆమె మా అమ్మను "తాయీ" అని పిలిచింది. మా అమ్మమ్మది బీదరు వైపు. అక్కడి కన్నడంలో తాయి అంటే అమ్మ. ఇంట్లో నేను ఒక్కతే బిడ్డను.

"గంత పెద్ద బిడ్డ దొరికింది మీ అమ్మకు. ఇగ నీ పని అయిపాయె!" అని అమ్మమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చర్చిలో చాప మీద అమ్మ కుడి పక్క చోటు నాది. పాటల పుస్తకం మా ఇద్దరిదీ. ఆ ఆదివారం అమ్మ అక్కడ ఆమెను కూర్చోబెట్టుకుని, అక్షరాల కింద వేలు నడిపిస్తూ పాట చూపించింది. నేను వెనక కూర్చుని ఆ వేలినే చూశాను. ఒక్క పాటకూ నోరు తెరవలేదు.

ఇంటికి రాగానే అడిగాను. "గామె నిన్ను అమ్మ అనుడేంది? గామెకు నువ్వెప్పుడు అమ్మవైనవ్?"

అమ్మ పకపకా నవ్వింది. "పిచ్చిపిల్లా, వాళ్ల మరాఠీల తాయంటె అక్క. నీకు చిన్నమ్మ అయితది. జర చిన్నమ్మా అని పిలువు."

"పిలువ. దాంట్ల గూడ అమ్మ ఉన్నది."

కొన్నాళ్లకు ఆమెకు అల్లం చేలల్లో పని దొరికింది. గది అద్దెకు తీసుకుంది. బజారుకు ఒక్కతే పోయి రాసాగింది. ఇక అమ్మ అవసరం తీరిందనుకుని, ఒక ఆదివారం నేను ముందే వెళ్లి నా చోట కూర్చున్నాను. ఆమె వచ్చి అమ్మకు ఎడమ పక్క కూర్చుని సొంత పుస్తకం తెరిచింది. పాట మొదలైంది. వేలి సాయం లేకుండా ఆమె చరణమంతా చదివి పాడింది. అమ్మ తన పాట ఆపి ఆమె ముఖంలోకి చూసింది. అలాంటి చూపు నాకెన్నడూ దక్కలేదు. ఈ ఊళ్లో పుట్టిన నేను తెలుగు చదివితే వింత ఏముంటుంది?

ఆ చూపు తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతులో ముల్లే. ఆమె ఈ ఊరి మనిషై నిలిచినందుకు మీరూ నాతో కలిసి దేవుని స్తుతించండి. ఆ ముల్లు తీయమని కూడా నాతో పాటు అడగండి. ఒక్కదాన్నే అడగబోతే ప్రార్థన సగంలోనే ఆపి, అమ్మ ఎటు చూస్తోందా అని వెతుక్కుంటాను.