అమ్మ తోమిన పడవ

మిర్యాలగూడల రైస్ మిల్లుల నడుమ కాపురం నాది. ఎన్నిసార్లు ఊడ్చినా గచ్చు మీద తౌడు దుమ్మే. ఇగ ఊడ్చి ఊడ్చి యాష్టకొచ్చి సగం బందు పెట్టిన. మా అమ్మ వచ్చిందంటే మాత్రం గుమ్మంలనే నిలబడి, ఇది ఇల్లేనా అన్నట్టు సూస్తది.

అమ్మకు కడుగుడు పిచ్చి. ఊకెనే రాలేదు ఆ పిచ్చి. ఆమె పుట్టింది సూర్యాపేట అవతల మెట్ట ఊర్ల. ఒక్క బిందె నీళ్లకు బావి కాడ జుట్లు పట్టుకునేటోళ్లంట. అసొంటి పిల్లను తెచ్చి, హుజూర్‌నగర్ దాటినంక కృష్ణ ఒడ్డున పడవ నడిపే మా నాయినకు ఇచ్చిండ్రు. అన్ని నీళ్లు ఒక్కసారి కండ్ల ముందట కనబడేసరికి ఆమెకు ఏం చెయ్యాల్నో తెల్వలే. ఇల్లు కడిగింది, వాకిలి కడిగింది, బర్రెను కడిగింది. అన్నీ అయినంక పడవ దొరికింది.

మాది తెరచాప పడవ. ఇప్పుడు మోటారు గూడ ఉన్నది గని, గాలి కుదిరితే నాయిన దాన్ని ముట్టడు. మనుషులు కూసునే కాడ టేకు పలకలు పరిచి ఉంటయి. మిరపకాయలు ఏరను పోయే కూలోళ్లను, వాళ్ల ఎంబడి మేకలను అవతలి ఒడ్డుకు దించి నాయిన మర్లి వచ్చినంక, అమ్మ ఆ పలకల మీద మోకాళ్లేసి కూసునేది. ఇసుక, కొబ్బరి పీచు, మా తలలు రుద్దంగ మిగిలిన కుంకుడుకాయ పిప్పి. ఇత్తడి బోళ్లు తోమినట్టే తోమేది. రేవుల ఆడోళ్లు "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అని నవ్వేటోళ్లు. నాయినైతే, తోమి తోమి ఈ పడవను ఒకనాడు తినేస్తవే అని ఎక్కిరించేటోడు.

తడి టేకు ఎండకు ఆరుతుంటే ఒక వాసన వచ్చేది. నేను, తమ్ముడు ఆ పలకల మీద బోర్ల పండుకోని ముక్కులు ఆనిచ్చేటోళ్లం. కింద నీళ్లు గలగలమంటుంటే గాడనే నిద్ర పట్టేది. ఆ వాసన మల్ల యాడ దొరకలే నాకు. ఇప్పటికీ పానం కొట్టుకుంటది దానికోసం.

మొన్న ఎండకాలం, పలకలు కదులుతున్నయని కోదాడ నుంచి చెక్కపని చేసే వడ్లాయనను పిలిపించిండ్రు. పుట్టింటి పడవ గదా, నేను గూడ పోయిన. ఆయన ఒక పలక ఊడదీసి ఎత్తి చూపెట్టిండు. చెయ్యి అందని మూలల చెక్క మందం ఎప్పటి లెక్కనే ఉన్నది. నడుమ మాత్రం సగం కరిగింది. మెత్తటి చెక్కంతా పోయి, గట్టి గీతలు ముసలోళ్ల చేతి నరాల లెక్క పైకి తేలినయి.

"ఇది నీళ్లకు పాడైంది కాదండి. ఎవరో ఇసకేసి తోమేశారు" అన్నడు.

నాయిన తొడ చరిచి నవ్విండు. నేను అననే అంటి, తింటదని, అన్నడు. తమ్ముడు నవ్విండు, వడ్లాయన నవ్విండు. అమ్మ నవ్వలే. రెండు చేతులు కొంగుల దాసుకున్నది. ఇన్నేండ్లు పడవకు సేవ చేస్తున్న అనుకున్న బిడ్డా, అన్నది నాతోటి మెల్లగ.

తమ్ముడు ఇనుప రేకు కొట్టిద్దాం, పీడ పోతది అన్నడు. ఎండకు రేకు మీద కూసుంటే కూలోళ్ల పిర్రలు కాల్తయిరా అని నాయిన కస్సుమన్నడు. పలకలను తిరగేస్తే సాలన్నడు. అరగని దిక్కు పైకి వస్తది. వడ్లాయన సరేనని చిత్రిక పట్టి, పాత తూట్లకు చెక్క మేకులు కొట్టి, సందులల్ల నార కుక్కి తారు పోసిండు. పడవ కొత్త పెండ్లికొడుకు లెక్క మెరిసింది. పోయేటప్పుడు అమ్మకు ఒక్క మాట చెప్పి పోయిండు, ఇక తోమొద్దని, నీళ్లు పోస్తే చాలని.

అమ్మ నీళ్లు గూడ పోయలే. రేవుకు పోవుడే బందు పెట్టింది. పడవను మల్ల నీళ్లల్లకు దింపి టెంకాయ కొట్టిన నాడు గూడ మోకాళ్లు నొస్తున్నయని ఇంట్లనే ఉన్నది. అన్నం ముందట పెట్టుకోని కెలుకుతది. పడవ కాకపోతే ఆ ఊర్ల ఆమెది అనేది ఇంకేమున్నది? నాకు నాయిన మీద మస్తు కోపం వచ్చింది. నవ్వినోడే సముదాయించాలె గదా.

నాయిన పడవ కడిగిండు. కడిగిండంటే ఏంది, దూరం నుంచి బకెట్ నీళ్లు ఇసిరిండు. మేకల పెంటికలు మూలలకు చేరినయి. కూలోళ్లు ముక్కులు మూసుకున్నరు.

నేను వాపసు బయలుదేరే పొద్దున, నాయిన రేవు నుంచి వచ్చి గుమ్మంల నిలబడ్డడు. పడవ కంపు కొడుతున్నది, రా, అన్నడు అమ్మతోటి.

"నా చేతులు పడితే మల్ల అరుగుతది" అన్నది అమ్మ, మొకం ఎత్తకుండనే.

నాయిన రుమాలు తీసి మొకం తుడుసుకున్నడు. తుడిసిందే తుడిసిండు.

"అరగనియ్యే. అది అరిగేదాంక నువ్వుంటే సాలు నాకు."

మా ఇంట్ల ఎన్నడూ అసొంటి మాట పుట్టలే. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అమ్మ లేసి కొంగు నడుముకు దోపుకున్నది. ముందుగాల ఆ పెంటికలు ఎవరు ఊడుస్తరు అని గులుగుకుంటనే రేవు దిక్కు నడిసింది. నాయిన బకెట్ పట్టుకోని ఎనుక పోయిండు. ఆయన అమ్మ ఎనుక నడువంగ సూసుడు నాకు అదే మొదలు.