మే నెలలో మైనస్ పదిహేను

1998 మే నెలలో నేను రాజమండ్రిలో ఒక డీజిల్ ఇంజన్ల కంపెనీకి ఏరియా సర్వీస్ ఇంజనీరుని. హోదా పొడుగ్గా ఉంది కదా అని ఆఫీసు కూడా పొడుగ్గా ఉంటుందనుకోవద్దు. నేను, ఒక టైపిస్టు, మెకానిక్ సూరిబాబు, అంతే. పొలాల్లో నీళ్ళు తోడే, రొయ్యల చెరువుల్లో చక్రాలు తిప్పే అయిదు హార్స్‌పవర్ ఇంజన్లు రెండు గోదావరి జిల్లాల్లో ఎక్కడ మొరాయించినా వెళ్ళి బతిమాలి, బాగుచేసి రావడం మా పని. బతిమాలడం నా వంతు, బాగుచేయడం సూరిబాబు వంతు.

ఆ నెల మొదట్లో హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మంచుకొండల్లో పనిచేసే ఒక ప్రభుత్వ శాఖ మా చిన్న ఇంజన్లు కొనడానికి ముందుకొచ్చింది. షరతు ఒకటే. మైనస్ పదిహేను డిగ్రీల చలిలో ఒక రోజంతా ఉంచిన ఇంజను, చేత్తో హ్యాండిల్ తిప్పితే మూడు ప్రయత్నాల్లోగా అందుకోవాలి. దీన్ని మేము కోల్డ్ స్టార్ట్ టెస్టు అంటాం. హెడ్డాఫీసులో దానికోసం ఉన్న చలిగది చెడిపోయింది. కాబట్టి టెస్టు రాజమండ్రి ఏరియాలో జరపాలి.

బయట నలభై నాలుగు డిగ్రీలు కాస్తున్న చోట ఈ టెస్టేమిటని మీకు అనుమానం రావచ్చు. తప్పు నాదే. నెలవారీ రిపోర్టులో ‘ఇతర విశేషాలు’ అనే గడి ఖాళీగా వదలడం ఇష్టంలేక, ‘మా ఏరియాలో రొయ్యల కోల్డ్ స్టోరేజీలు పెక్కు, యజమానులతో సత్సంబంధాలు కలవు’ అని ఎప్పుడో రాశాను. ఆ గడి ఎవరూ చదవరన్న ధైర్యంతోనే రాశాను. చదివారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా ఆఫీసుని విజయవాడలో కలిపేస్తారని అప్పటికే పుకారు. కలిపితే నాకు బదిలీ, అంతే. సూరిబాబుకి అలా కాదు. పదకొండేళ్ళుగా అతను ‘టెంపరరీ’. ఆఫీసు పోతే అతని పని కూడా పోతుంది. మా రీజనల్ మేనేజరు ఫోన్‌లో, ఈ టెస్టు పాసైతే మీ ఆఫీసుని నిలబెట్టమని పైవాళ్ళని గట్టిగా అడుగుతానన్నారు. ఏళ్ళ తరబడి చలనం లేని మా ఆఫీసుకి చలితోనైనా చలనం వస్తుందని సంబరపడ్డాను.

భీమవరం దగ్గర రాజుగారి కోల్డ్ స్టోరేజీలో ఒక గది ఖాళీగా ఉంది. అడగ్గానే, “కంపెనీ వాళ్ళు మా ఇంటికొచ్చి అడిగితే కాదంటామాండీ? ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు ఉంచుకోండి” అన్నారు. ఇంజనుని చక్రాల బండిమీద లోపలికి తోయించి, తాళంచెవి రాజుగారి సూపర్‌వైజరు వీర్రాజు చేతిలో పెట్టి, మేము భోజనానికి కూర్చున్నాం. ఆ మాట మళ్ళీ చదవండి, నా ఉద్యోగ జీవితంలో పెద్ద పొరపాటు ఆ వాక్యంలోనే ఉంది.

హెడ్డాఫీసు నుంచి టెస్టింగ్ విభాగం డిప్యూటీ మేనేజరు మిశ్రాగారు వచ్చారు. ఆంధ్రాలో ఎండలని విని పలచటి పొట్టిచేతుల చొక్కాలు మాత్రమే తెచ్చుకున్నారు. చలిగదిలోకి వెళ్ళేందుకు రాజుగారు ఆయనకి ఒక మంకీ క్యాప్, తన పెళ్ళినాటి శాలువా ఇచ్చారు. స్టోరేజీ కోట్లు రెండే ఉన్నాయి. అవి నాకూ సూరిబాబుకీ వచ్చాయి. వాటి రొయ్యల వాసన వారం రోజులు మా వెంట తిరిగింది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. చలికి ఇనుము ఆ వేడిని మింగేస్తుంది, ఆయిలు చిక్కబడి హ్యాండిల్ని కదలనివ్వదు. అందుకని ఇంజను నెత్తిన ఉండే చిన్న లివరు ఎత్తి, నొక్కుడు లేకుండా చేసి, హ్యాండిల్ వేగంగా తిప్పి, ఊపు రాగానే లివరు వదిలేయాలి.

ఇంజను పెట్టిన మూడోనాడు ఉదయం లోపలికి వెళ్ళేసరికి ఇంజను ఒళ్ళంతా తెల్లటి మంచు. పొగగొట్టం తలుపు సందులోంచి బయటికి పెట్టాం. సూరిబాబు లివరు ఎత్తాడు, తిప్పాడు, వదిలాడు. మొదటి ప్రయత్నంలోనే డుగడుగమని అందుకుంది. మిశ్రాగారు శాలువాతో సహా నన్ను కౌగిలించుకున్నారు. హ్యాండిల్ తిప్పకముందే ఆయిలు వేడి ఎంతో చూసి ఫారంలో రాయాలి. ఆయన కళ్ళద్దాలు మంకీ క్యాప్ లోపలి ఆవిరికి మసకబారాయి, నేనేమో చలికి వణుకుతూ మర్చిపోయాను. మిశ్రాగారు ఆ గడిలో గది ఉష్ణోగ్రతనే రాసుకుని, బయటికొచ్చి ‘పాస్’ అని సంతకం పెట్టారు.

సూరిబాబు మాత్రం చేతులు తుడుచుకుంటూ నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“సార్, ఇది చలిలో పడుకున్న ఇంజను కాదండి.”

“మంచు చూశావుగా?”

“మంచు పైన సార్. లోపల ఆయిలు నీళ్ళలా ఉందండి. మాది మండపేట, కాజాల పాకం ఎలా ఉంటుందో నాకు తెలుసు. చలికి హ్యాండిలు ఆ పాకంలో గరిట తిప్పినట్టుండాలి. ఇది మజ్జిగలో తిప్పినట్టుందండి.”

నేను వీర్రాజుని అడిగాను. అతను దాచలేదు, పైగా మెచ్చుకుంటానని ఎదురుచూశాడు. మేము వెళ్ళగానే ఇంజనుని బయటికి తీసి జనరేటరు షెడ్డులో వెచ్చగా ఉంచారు. మేము టిఫిను తింటుండగా లోపలికి తోసి, పైన ఐసు పొడి జల్లారు. పెళ్ళికూతురికి కూడా అంత ముస్తాబు చేసి ఉండరు.

రాజుగారు నొచ్చుకున్నారు. “అదేంటండీ! మా కప్పుకింద పరీక్ష పెట్టుకుని మీరు ఫెయిలై వెళ్తే మాకు తలవంపులు కాదా? చుట్టాన్ని రాత్రంతా చలిలో పడుకోబెట్టమంటారేంటండీ?”

“అది ఇంజనండీ రాజుగారూ.”

“కంపెనీ ఇంజనే కదండీ!”



ఇక మేము నోరు మూసుకుంటే చాలు. ఆర్డరు వస్తుంది, ఆఫీసు ఉంటుంది, సూరిబాబు ఉంటాడు. మంచుకొండల మీద హ్యాండిల్ తిప్పేవాడెవడో మాకు తెలియదు. నేను సూరిబాబు వైపు చూశాను. “అక్కడ తిప్పేవాడు తిడితే మనకి వినపడదండి. అదే బాగోలేదు” అన్నాడు.

మిశ్రాగారికి చెప్పాను.  ఆయన మంకీ క్యాప్ ఉందో లేదో తడుముకుని, ఫారంలో ‘పాస్’ కొట్టేసి, మళ్ళీ చేద్దామన్నారు. ఈసారి తాళంచెవి నా జేబులో ఉంది. తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గంట గంటకీ రాజుగారు మజ్జిగ పంపి, నా కఠినత్వం కరుగుతుందేమోనని చూశారు.

ఒక రోజు గడిచాక ఆయిలు వేడి చూసి మరీ రాసుకున్నాం. మొదటిసారి హ్యాండిలు సగం దూరం వెళ్ళి ఆగింది. రెండోసారి ఒక చుట్టు. మూడోసారి సూరిబాబుతో పాటు నేనూ పట్టుకున్నాను. ఇంజను ఒక్కసారి తుమ్మి ఊరుకుంది. కారణం వెతికితే, మా ఎండలకి అలవాటైన చిక్కటి ఆయిలే మేము అందులో పోశామని తేలింది. పలచటి ఆయిలుతో మళ్ళీ పరీక్షించాలని రాసి, ‘ఫెయిల్’ అని సంతకాలు పెట్టాం. రాజుగారు వరండాలో అటు తిరిగి కూర్చున్నారు.

తర్వాత హెడ్డాఫీసు తన చలిగదిని బాగుచేసుకుని, పలచటి ఆయిలుతో పాస్ చేయించుకుని, ఆర్డరు తెచ్చుకుంది. మా ఆఫీసు మాత్రం విజయవాడలో కలిసిపోయింది. ఆ ఉత్తర్వు చేతికొచ్చాక పైన తేదీ చూశాను. టెస్టుకి వారం ముందే టైపయింది. పాసైనా, ఫెయిలైనా మాకు ఒరిగేదేమీ లేదన్నమాట. సూరిబాబు మండపేటలో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. రాజుగారి ఇంజన్లన్నీ అతనే చూస్తాడు. ఆ టెస్టు మాట ఎత్తితే, “మీ సార్ ఊరుకుంటే పోయేది కదయ్యా” అని రాజుగారు ఇప్పటికీ అంటారట.

నేను నేర్చుకున్నది క్లుప్తంగా చెప్తాను. పరీక్ష పాసైతే ఎవరికి సంతోషమో వాళ్ళ చేతికి గది తాళం ఇవ్వకూడదు. విజయవాడ వెళ్ళాక ప్రతి టెస్టుకీ ముందు అలాంటి వాళ్ళ జాబితా రాసుకునేవాణ్ణి. చాలాసార్లు అందులో మొదటి పేరు నాదే ఉండేది.