ఆకివీడుకి తప్పిన దీర్ఘం

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మాలాంటివాళ్ళ చేతుల్లోకి వస్తున్న రోజులు. ఏలూరులో ఒక చేపల కంపెనీ ఆఫీసులో నేను గదులు తుడిచి టీలు ఇచ్చేదాన్ని. మా ఆయన అదే కంపెనీకి ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో వాచ్‌మన్. నెలకోసారి ఇంటికొచ్చేవారు.

కంప్యూటర్ గదిలో తెర మీద ఫ్యాక్టరీల పేర్లన్నీ వరసగా ఉండేవి. ఆకివీడు మిషను ఐదు నిమిషాలకోసారి తనంతట తనే "బాగున్నాను" అని కబురు పంపితే దాని పక్కన ఆకుపచ్చ రంగు.

"మనం అడగం పిన్నిగారూ. వాళ్ళు చెప్తే వింటాం, అంతే," అనేది ఇంజనీరమ్మాయి.

మా ఆయన అడిగినా చెప్పే మనిషి కాదు. అందుకే ఆ గది రోజుకి రెండుసార్లు తుడిచేదాన్ని.

కొత్త కంప్యూటర్ పెట్టిన వారం ఆకివీడు పసుపు రంగైపోయింది. కబురు లేదు. ఫోన్ చేస్తే మా ఆయన, "మిషను ఆన్‌లోనే ఉందండీ," అన్నారట. మేనేజరుగారు నమ్మలేదు.

"ఫ్యాను పెట్టుకోడానికి ప్లగ్గు పీకేసి ఉంటాడు. తెచ్చి ఇక్కడి గొడౌన్లో పడేస్తా, నా కళ్ళెదుట ఉంటాడు!"

గొడౌన్ మా ఇంటికి నాలుగు వీధుల అవతల. సిగ్గు లేకుండా నా గుండె ఎగిరింది.

ఇంజనీరమ్మాయి రెండు కాగితాలు పరుచుకుని కూర్చుంది. ఒకటి మన కంప్యూటర్లో రాసిన పేర్లు, రెండోది వాళ్ళ మిషను పంపే పేర్లు. "కబురు ఇక్కడిదాకా వస్తోంది పిన్నిగారూ. మన కంప్యూటరే పుచ్చుకోవట్లేదు."

నేను నలభై దాటాక సాయంత్రం బడిలో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు కీబోర్డు తుడుస్తూ ఆ పిల్లనే అడిగి పట్టుకున్నాను. చదువుకున్నవాళ్ళు మాటని ఒక్క గుటకలో మింగేస్తారు. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరమే నడుస్తాను. ఒక కాగితంలో ఇంగ్లీషు 'వీ' అక్షరం తర్వాత ఒక్క 'ఐ'. రెండోదాంట్లో రెండు 'ఈ'లు.

చెప్పకపోతే ఆయన ఇంటికొస్తారు. చెయ్యని తప్పుకి తల దించుకుని వస్తారు. కప్పులో టీ మీద మీగడ కట్టేదాకా నిలబడ్డాను.

"అమ్మాయిగారూ, మా పంతులమ్మయితే ఇక్కడ దీర్ఘం తప్పిందనేదండీ."

ఆ పిల్ల నుదురు కొట్టుకుంది. "ఎలా రాసినా ఆకివీడే కదా అనుకున్నానండీ! దీనికి అక్షరం తేడా వస్తే వేరే ఊరే."

పేరు దిద్దింది. ఐదు నిమిషాలకి తెర ఆకుపచ్చ అయింది.

"సరే, వాణ్ణి అక్కడే ఉండనీండి," అన్నారు మేనేజరుగారు.

మా ఆయన ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఉన్నారు. ఈ సంగతి ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. "మంచి పని చేశావు, నాకు అక్కడే బాగుంది," అంటారేమోనని భయం.