బండికి నీళ్లు తాపే లచ్చన్న

మనుషులతో మాట్లాడటంలో లచ్చన్న మహా పిసినారి. బండితో మాత్రం నోరు కట్టుకోలేడు. ఎత్తు ఎక్కేటప్పుడు బుజ్జగిస్తాడు, దిగేటప్పుడు కసురుతాడు, పనైపోయాక బానెట్ మీద చెయ్యేసి కుశలం అడుగుతాడు. జగిత్యాల పక్క పల్లెలో పుట్టి, కరీంనగర్ లారీల్లో క్లీనర్‌గా ఒళ్లు హూనం చేసుకుని, స్టీరింగ్ చేతికొచ్చేసరికి సగం జుట్టు నెరిసిపోయిన మనిషి. సాయంత్రం బండి ఆపాక రేడియేటర్ నిండా నీళ్లు పొయ్యాలి, ఆ తర్వాతే తన నోట్లో నీళ్లు పోసుకోవాలి. అది ఆయనకు బండి నేర్పిన ఉస్తాద్ పెట్టిన నియమం. ఉస్తాద్ కాలం చేసి ఏళ్లయినా లచ్చన్న ఒక్క పూట దాన్ని తప్పలేదు. మంచి నియమమే, కాదనను. కాకపోతే ఎండలు మండే ఊళ్లో పుట్టిన నియమం అది. చలి అనేదొకటి ఉంటుందని దానికి తెలియదు.

డెబ్బై ఆరులో ఒమాన్ వస్తూ లచ్చన్న తన బామ్మర్దిని కూడా వెంట తెచ్చాడు. పేరు మల్లేశం, తాపీ మేస్త్రీ. గోడ నిలబెడితే గుండు దారం పట్టి చూసేవాడు కూడా వంక పెట్టలేడు. బయల్దేరే రోజు లచ్చన్న భార్య గౌరవ్వ బస్సు కిటికీ పట్టుకుని ఒకటే మాట అంది.

"నాకున్నది గాడొక్కడే తమ్ముడు. నీ ఎంబడి తోల్కపోతున్నవు, నీ ఎంబడే తోల్కరా. గంతే."

లచ్చన్న తలూపాడు. ఆయన తలూపితే ఇంకొకరు స్టాంపు కాగితం రాసిచ్చినట్టే.

కంపెనీ ఆఫీసు నిజ్వాలో ఉండేది. పని మాత్రం కొండ మీద, సైఖ్ అనే ఊళ్లో. అక్కడొక బడి కడుతున్నారు. ఆ కొండను జెబెల్ అఖ్దర్ అంటారు, అంటే పచ్చకొండ. కింద బిర్కత్ అల్ మౌజ్ ఖర్జూర తోటలు దాటగానే తారు రోడ్డు అయిపోయి రాళ్ల దారి మొదలయ్యేది. ఒక పక్క కొండ, ఇంకో పక్క వట్టి గాలి, కింద లోయ. సైటుకు కావలసిన పిండి, కిరోసిన్, సిమెంటు అన్నీ ఆ దారినే లచ్చన్న లారీలో ఎక్కాలి.

గల్ఫ్ అంటే ఎండ అనుకుని వచ్చినవాళ్లకు సైఖ్ చలికాలం చుక్కలు చూపించింది. తెల్లారి లేస్తే డ్రమ్ములో నీళ్ల మీద అద్దంలాంటి పలక. కొబ్బరి నూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు. సిమెంటు ఎంతకీ గట్టిపడదు, తాపీ పట్టిన వేళ్లేమో కట్టెల్లా గట్టిపడతాయి. సిమెంటు సంచుల కాగితాలు చొక్కాల్లోపల దోపుకుని పనికెళ్లేవాళ్లు. వంట చేసే అజ్మత్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నవాబుల వంట ఇంటివాడినని గొప్పలు పోతుంటాడు. ఆ గొప్ప కూడా చలికి ముడుచుకుపోయింది.

జనవరిలో ఒకరోజు లచ్చన్న సరుకుతో పైకి చేరేసరికి సన్నటి వాన, ఈదురుగాలి. రూములో మల్లేశం దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ఊపిరి తీస్తుంటే రొమ్ములో గరగరమంటోంది.

"గీనికి నిన్నటి సంది గిట్లనే ఉన్నది భాయ్," అన్నాడు అజ్మత్. "కింద దవాఖానకు తీస్కపోవాలె. ఇక్కడ మన దగ్గర షొంఠి కషాయం తప్ప ఏం లేదు."

ఆ వానలో, ఆ మసక వెలుగులో దిగడం చావుతో పరాచికాలాడటమే. తెల్లారగానే దిగుదామని లచ్చన్న నిర్ణయించుకున్నాడు. బయటికొచ్చి, అలవాటు ప్రకారం బకెట్టు తెచ్చి రేడియేటర్ మూత తీశాడు.

పక్కింటి రాబియా మేకల్ని లోపలికి తోలుకుంటూ అది చూసింది. ఆమె ముసలి విధవరాలు, సైటుకు పాలు పోస్తుంది. ఒక్క ఉదుటున వచ్చి, బకెట్టు పట్టుకుని, వద్దు వద్దని చేతులూపింది. ఇంజను వైపు చూపించి, నేల మీద పారబొయ్యమన్నట్టు సైగ చేసింది. లచ్చన్నకు ఇంకోలా తోచింది. ఆ కొండ మీద నీళ్లు కాలవల్లో వంతులవారీగా పారుతాయి. ఒకరి వంతు నీళ్లు ఇంకొకరు ముడితే ఊరుకోరు. నీళ్ల కోసం తగువుకొచ్చిందనుకున్నాడు.

"గిన్ని నీళ్లకే గింత లొల్లా అవ్వా? రేపు నీ బిందె నేనే నింపుత," అంటూ అంచుదాకా పోసి మూత బిగించాడు. ఆ తర్వాతే తను ఒక గ్లాసు తాగాడు. ఉస్తాద్ చూసి ఉంటే మురిసిపోయేవాడు.

తెల్లారి తలుపు తీసిన లచ్చన్న గడప దాటలేదు.

ప్రపంచం లేదు. కొండ లేదు, దారి లేదు, మొన్న కట్టిన గోడ లేదు. అంతా తెలుపు. దానిమ్మ చెట్ల కొమ్మ కొమ్మ మీదా తెలుపు, మేకల దొడ్డి మీద తెలుపు, కనుచూపు ఆనినంత మేరా తెలుపు. పైన ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. పక్షి కూయలేదు, గాలి కదల్లేదు. ఆయన ఊపిరి ఆయనకే పెద్దగా వినిపించింది. మంచు అంటే పొద్దున్నే వరి మళ్ల మీద వాలి, ఎండ రాగానే పోయేదని మాత్రమే ఎరిగిన మనిషికి, కొండనంతా మింగి కూర్చున్న ఈ మంచు ఇంకో లోకంలా తోచింది. భయమూ వేసింది, అంతకు మించి దండం పెట్టాలనిపించింది. పెట్టాడు కూడా. గుడి ముందు విడిచినట్టు చెప్పులు విడిచి, వట్టి కాలు మెల్లగా అందులో పెట్టాడు. మరుక్షణం "ఓరి నాయ్నో" అని గావుకేక పెట్టి గడపలోకి ఎగిరి దూకాడు.

ఆ కేకకు సైటంతా లేచింది. "బర్ఫ్! అల్లా కసమ్, బర్ఫ్!" అంటూ అజ్మత్ దోసిళ్లతో ఎత్తి పోసుకున్నాడు. గడ్డాలు నెరిసిన మేస్త్రీలు పిల్లల్లా ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. లోపల మల్లేశం దగ్గు వినిపించేదాకా అదే సంబరం. ఆ దగ్గు వినగానే అందరి చేతులూ ఆగిపోయాయి.

లచ్చన్న బండి మీద మంచు దులిపి మూత తీశాడు. వేలు పెడితే లోపల గట్టిగా తగిలింది. తాను ప్రేమగా నింపిన నీళ్లన్నీ గడ్డకట్టి కూర్చున్నాయి. రాత్రి ఆ ముసలమ్మ ఎందుకు చేతులూపిందో అప్పుడు అర్థమైంది. నీళ్లు పొయ్యొద్దనడమే కాదు, ఉన్నవి కూడా వదిలెయ్యమంది మహాతల్లి. లచ్చన్న టైరుకు ఆనుకుని కూలబడ్డాడు.

"నా చేతులార చేసిన్రా అజ్మత్. గౌరవ్వకు ఏం మొఖం సూపెట్టాలె?"

అజ్మత్ పొయ్యి మీద మరుగుతున్న నీళ్ల గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అది పోద్దామని మూత దాకా వంచేలోపే రాబియా వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది. "లా, లా! శ్వయ్ శ్వయ్," అంది. వద్దు, మెల్లగా, మెల్లగా అని. మరిగే నీళ్లు ఒక్కసారి పడితే చలికి బిగిసిన ఇనుము పగులుతుంది. ఈసారి ఆ ముసలమ్మ మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె ఇంట్లోంచి మేకవెంట్రుకల కంబళి తెచ్చి ఇంజనుకు పసిబిడ్డకు చుట్టినట్టు చుట్టింది. కొండ చెట్ల మొద్దులు కాల్చిన నిప్పులు తట్టలో పోసి, కాస్త ఎడంగా కింద పెట్టించింది. నిప్పులు ఆరకుండా మారుస్తూ పక్కనే కూర్చుంది. ఒక్కసారి కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే లచ్చన్నకు కొంత తేలికయ్యేది.

ఎండ బాగా ఎక్కాక లోపల నీళ్లు కదిలాయి. కదలడంతోపాటు రేడియేటర్ ముందు అతుకు దగ్గర బొట్టు బొట్టుగా కారడం మొదలైంది. గడ్డకట్టిన నీరు దాన్ని చీల్చింది. ఈ కారుడుతో కొండ సగం కూడా దిగలేరు. అందరూ దిగాలుపడి చూస్తుంటే, లచ్చన్న మాత్రం లేచి నిలబడ్డాడు. ఇలాంటిది ఆయనకు కొత్త కాదు. మన దేశపు డ్రైవర్లందరికీ తెలిసిన వైద్యమే అది.

"అజ్మత్, నీ పసుపు డబ్బా తే."

"ఎంత కావాలె?"

"ఉన్నదంత."

నెల వంటకు దాచిన పసుపంతా రేడియేటర్ తాగేసింది. ఇంజను స్టార్ట్ చేశాడు. మొదట తెల్లటి మంచు మీద పచ్చటి బొట్లు పడ్డాయి. తర్వాత ఒక్కొక్కటే పడింది. తర్వాత పసుపు చీలికలో మెత్తుకుని కారడం ఆగింది. రాబియా వంగి ఆ పచ్చటి బొట్లను చూసి, లచ్చన్నను చూసి, మొదటిసారి నోరారా నవ్వింది.

కంబళి ఇంజను మీంచి తీసి మల్లేశానికి చుట్టింది. వాణ్ని కేబిన్‌లో కూర్చోబెట్టారు. ఇప్పుడు అసలు సంగతి, దారి. ఎండ పడిన చోట బురద, నీడ పడిన మలుపుల్లో గాజులాంటి మంచుగడ్డ. మొదటి దిగుడులోనే బండి బ్రేకు మాట వినకుండా అంచు వైపు జారింది. ఒక బండరాయికి తగిలి ఆగింది కాబట్టి సరిపోయింది. లచ్చన్న స్టీరింగ్ మీద తల ఆనించాడు.

అప్పుడు వెనక నుంచి మేస్త్రీలు వచ్చారు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. సైటులో బడి గోడలకని జల్లించిన ఇసుక గుట్టుంది కదా, దాన్ని తట్టల్లోకి ఎత్తుకొచ్చారు. స్లాబు వేసే రోజున కాంక్రీటు మాల్ అందించుకున్నట్టు వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి తట్టలు అందించుకుంటూ ముందుకు కదిలారు. చివరివాడు చక్రాల బారున ఇసుక చల్లుతాడు, బండి ఆ బారెడూ కదులుతుంది. మళ్లీ తట్ట, మళ్లీ బారెడు. అంత పెద్ద తెల్లటి కొండ మీద చీమలబారులా ఆ మనుషులు, వాళ్ల వెనక పసుపు తాగిన లారీ. ఆ కొండ ముందు తామెంతవాళ్లో లచ్చన్నకు తెలుస్తూనే ఉంది. ఆ ఎంతవాళ్లే దాని మీద దారి పరుస్తున్నారనీ తెలుస్తోంది. ఆయన కళ్లు చెమర్చాయి. తుడుచుకోవడానికి స్టీరింగ్ వదల్లేక అలాగే నడిపాడు.

మల్లేశం కళ్లు తెరిచి అద్దంలోంచి బయటికి చూశాడు.

"బావా, నేను సచ్చిపోయిన్నా? అంత తెల్లగున్నది."

"సచ్చినోనికి గింత సలి పెట్టదురా. పండుకో."

నీడ మలుపులన్నీ దాటి, మంచు అయిపోయి మామూలు రాళ్లు కనిపించిన చోట మేస్త్రీలు ఆగి, ఖాళీ తట్టలు ఊపారు. వాళ్లు మళ్లీ అంత దూరం నడిచి ఎక్కాలి. పొద్దు వాలకముందే లారీ నిజ్వా దవాఖాన ముందు ఆగింది. ఛాతీలో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే అని ఏదో అనబోయి, లచ్చన్న మొహం చూసి ఆపేశాడు. మల్లేశం బతికాడు. కంబళి రాబియా ఇంటికి చేరింది. ఆ రోజు ఆమె బిందె లచ్చన్నే నింపాడు.

కంట్రాక్టు అయ్యాక ఇద్దరూ కలిసే ఊరికి వచ్చారు. గౌరవ్వ తమ్ముణ్ని తడిమి తడిమి చూసుకుని, మొగుడి చేతికి చెంబెడు నీళ్లు అందించింది. మంచు సంగతి లచ్చన్న ఎంత చెప్పినా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. అరబ్బు దేశంలో మంచేమిటని ఇకిలించారు. ఆయన మళ్లీ జగిత్యాలలో ఒక లారీ ఎక్కాడు. చలికాలం మొదలైతే చాలు, పొద్దు గూకగానే బండి కింద దూరి రేడియేటర్ నల్లా విప్పి, నీళ్లన్నీ నేలపాలు చేసేవాడు. ఆ తర్వాతే తను నీళ్లు తాగేవాడు. షావుకారు తిట్టాడు, తోటి డ్రైవర్లు ఆటపట్టించారు. జగిత్యాల చలికి నీళ్లు గడ్డకడతాయా అని గౌరవ్వ కూడా నవ్వేది.

మల్లేశం మాత్రం నవ్వలేదు. చలికాలం ఉన్నన్నాళ్లూ, రోజూ పొద్దున్నే తన ఇంటి పొయ్యి మీద గోరువెచ్చగా కాచిన నీళ్ల బిందె భుజాన పెట్టుకుని వీధి దాటి వచ్చేవాడు. "శ్వయ్ శ్వయ్, బావా," అంటూ మూత తీసి, చుక్క కింద పడకుండా తనే పోసేవాడు.